రెండు షీట్ల మధ్య గాలి

నిచ్చెన మీంచి పడ్డాడట! విన్నావా? కింద చీటీలు రాసే పిల్లని నీ మంచం ఎక్కడని అడిగితే అదే మాట. "నిచ్చెన మీంచి పడ్డ ఆయనా? పైన, కిటికీ పక్కన" అంది. నిచ్చెనేంటమ్మా, నా దెబ్బ అది, నా చేత్తో కొట్టిన దెబ్బ అన్నాను. గుడ్లప్పగించి చూసింది.

మీ అక్క చెప్పిందట డాక్టరుకి అలా. నా పరువు కాపాడుతోందట! నన్నడిగితే చెప్పనా? తమ్ముడి దవడ ఎవరు పగలగొట్టారమ్మా అంటే మా ఆయనే అని చెప్పడానికి ఏం రోగం? నేను కొట్టింది తీసుకెళ్ళి ఓ కర్రముక్కకి కట్టబెడతారా?

ఏయ్, లేవకు. పడుకోరా, పడుకో. కొట్టడానికి రాలేదు. కొట్టడానికొచ్చేవాణ్ణి చేతులూపుకుంటూ వస్తానా?

మాట్లాడలేవు కదూ? పళ్ళన్నీ తీగలేసి కట్టేశారట. పాలు కూడా గొట్టంతోనేనట. పోన్లే. మీ అక్కని చేసుకున్న రోజు నించీ నీ నోరు మూతపడాలని చూస్తున్నవాణ్ణి. ఇన్నాళ్ళకి పడింది. ఇవాళ నేను మాట్లాడతాను, నువ్వు వింటావు. సరేనంటే ఒకసారి కళ్ళు మూయి. కాదంటే... కాదనకు.

ఆ చూపేంటి? నాకు మాత్రం తగల్లేదా? ఇదిగో, ఈ చెవి చూడు. కింది తమ్మె నీ పళ్ళకే పోయింది. కట్టు కట్టినవాడు "కుక్క కరిచిందా తాతా?" అన్నాడు. కాదు నాయనా, బావమరిది అన్నాను. "ఏదైనా ఇంజెక్షను ఒకటే" అన్నాడు వాడు! నవ్వకు. నవ్వితే తీగలు తెగుతాయి.

ఊపిరి పీలిస్తే ఇక్కడ, డొక్కలో పోటు. నీ సుత్తి దెబ్బ. బాగానే కొట్టావు. టైర్లు కొట్టి కొట్టి ఆ చెయ్యి అలా తయారైంది.

ఎందుకొచ్చావనేగా నీ చూపు? చెప్తాను. కాస్త కూర్చోనీ.

అసలు తప్పెవరిదో మొదటి నించీ మాట్లాడుకుందాం. పోయిన చలికాలం మీ అక్క నారు మొత్తం చచ్చింది. అవునా? టమాటా, క్యాప్సికమ్, క్యాబేజీ, ట్రేలకి ట్రేలు. ఒంటి షీటు పాలీహౌస్ అది, పల్చటి ప్లాస్టిక్ కాగితం, దానికి చలి ఆగుతుందా? మంచు కురిసిన పొద్దున లోపలికెళ్ళి, నల్లబడ్డ మొలకల్ని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "ఈసారి కూడా పోతే ఇక విత్తనం ముట్టుకోను" అంది. మీ అక్క ముట్టుకోనంటే ముట్టుకోదు. మట్టి లేకుండా ఆ మనిషి ఏమైపోతుందో నీకు తెలుసు, నాకు తెలుసు. పిల్లలా జెల్లలా? ఆ మొలకలే.

అందుకని ఇద్దరం పోటీపడి మీ అక్క దగ్గరికి వెళ్ళాం. ఆ మొక్కల ఇంటికి చలి ఆగేలా నేను చేస్తానంటే నేను చేస్తానని.

నేనేం చేతగానివాణ్ణా? గుడారాలు కట్టి బతికినవాణ్ణి. సర్కసుకి కట్టాను, సభలకి కట్టాను, వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకి కట్టాను. గాలివానకి నా గుడారం ఒక్కటైనా లేచిందా? చెప్పు. నువ్వేమో టైర్ల కొట్టువాడివి. పంచర్లేసి, ట్యూబుల్లో గాలి కొట్టి నెత్తి నెరిసినవాడివి. నీ పేరేంటంటే వీధిలో ఒక్కడు చెప్పలేడు, ట్యూబు అంటే చిన్న పిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

నాకు తెలిసింది ఒక్కటే. గుడ్డ బిగువుగా ఉంటే నిలుస్తుంది, వదులైతే చిరుగుతుంది. నీకు తెలిసింది కూడా ఒక్కటే. లోపల గాలి ఆగితే ఏదైనా నిలుస్తుంది.

"బావా, షీటు మీద ఇంకో షీటు వేద్దాం. చుట్టూ అంచులు మాత్రం బిగిద్దాం. రెంటి మధ్యకి చిన్న ఫ్యాన్‌తో గాలి ఊదుదాం. ఆ గాలే మొక్కలకి దుప్పటి" అన్నావు.

గాలి దుప్పటేంట్రా? చలి మోసుకొచ్చేదే గాలి కదా! పడీ పడీ నవ్వాను. మీ అక్క నవ్వలేదు. "మా తమ్ముడు చెప్పినట్టు చెయ్యండి" అంది. నాతో! నా గుడారం కర్రలే వాసాలుగా నిలబెట్టిన ఇంటికి, నన్ను పక్కన నిలబడమంది!

సరే, చేశావు. ఫ్యాన్ పెట్టావు. పై షీటు ఉబ్బింది. చూడితో ఉన్న గేదె పొట్టలా ఉబ్బింది. అందరూ వచ్చి చూసి భలే ఉందన్నారు. గాలి వీచినప్పుడల్లా అది అటూ ఇటూ ఊగుతుంటే నా చెయ్యి తాడు కోసం వెతికేది. అలా ఊగే గుడ్డ కనిపిస్తే జీవితమంతా పరుగున వెళ్ళి తాడు లాగినవాణ్ణిరా. చూస్తూ ఎలా కూర్చుంటాను?

నీకు తెలీదు. గాలివానలో గుడారం ఉబ్బిందంటే కింద మనుషులు పోతారు. ఒకసారి పోయారు కూడా, వేరేవాడెవడో వదులుగా కట్టినదాని కింద. లాగమని నన్ను పిలిచారు. నడిమి స్తంభం విరిగి ఒకడి పొట్టలోంచి వీపులోకి దిగింది. వాడింకా నా చెయ్యి పట్టుకుని పిసుకుతూనే ఉన్నాడు. గుడ్డ మాత్రం పైన హాయిగా ఎగురుతోంది. నీ షీటు ఊగుతుంటే నాకు కనిపించింది అదీ. నీకు దుప్పటి కనిపించింది.

అందుకే బిగించాను. నువ్వు కొట్టుకి పోయినప్పుడు. ప్రతి వాసం మీదా చెక్క బద్ద పెట్టి, రెండు షీట్లూ కలిపి మేకులు దిగ్గొట్టాను. మధ్యలో ఎక్కడా జానెడు వదులు లేదు. వేలితో కొడితే డప్పులా మోగింది. ఎంత ముచ్చటేసిందో! ఆ ఫ్యాన్ ఊదటానికి చోటు లేక గుర్రుగుర్రుమంటూ ఉండిపోయింది, అచ్చం ఇప్పుడు నువ్వున్నట్టు.

అదేంటి, దిండులో మొహం పెడుతున్నావు? నొప్పా? సిస్టర్ని పిలవనా? వద్దా? సరే.

ఆ తెల్లారే మంచు పడింది. నువ్వు సైకిలు దిగావు. లోపలికెళ్ళావు, బయటికొచ్చావు. బావా, ఇదేం పని అని తిట్టలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, సుత్తి చీలికతో నా మేకులు పీకడం మొదలెట్టావు. ఒక్కొక్కటీ కీచుమంటూ ఊడి వస్తుంటే నా పళ్ళు పీకుతున్నట్టుంది.

దిగు అన్నాను. దిగలేదు. దిగరా ట్యూబూ అన్నాను. అప్పుడన్నావు. అటు పక్కింటి వడ్రంగి, ఇటు పక్కింటి కోడలు, అందరూ గోడల మీంచి చూస్తుండగా అన్నావు. "బావా, నువ్వు జీవితమంతా జనం లేచిపోగానే ఊడదీసేవే కట్టావు. ఇది అలాంటిది కాదు. దీని కింద ప్రాణాలున్నాయి, లోపలికెళ్ళి చూడు."

నిచ్చెన తన్నాను.

తన్నానురా. ఆ మాట మాత్రం నిజం. కానీ దవడ పోయింది దానివల్ల కాదు, నీకూ తెలుసు. నువ్వు పడింది నా మీద. ఇద్దరం దొర్లాం. నీ సుత్తి నా పక్కలో దిగింది, నా మోకాలు నీ పొట్టలో దిగింది. నువ్వు చెవి కొరికావు, నేను నీ జుట్టు పట్టుకుని తల నేలకేసి బాదాను. ముసలి పీనుగులం ఇద్దరం, పెట్టుడు పళ్ళ వయసులో! వడ్రంగి విడదీద్దామని వచ్చి మొహం మీద ఒకటి తిని వెనక్కి పోయాడు. అది నాదో నీదో వాడికే తెలీలేదు.

ఆ దొర్లడం దొర్లడం షీటులోకి దూసుకుపోయాం. ఎంత చప్పుడురా అది! మనిషిని నిలువునా చీల్చినట్టు పైనించి కిందిదాకా చిరిగింది. రెండు షీట్లూ. ట్రేల బల్ల విరిగింది. మన కింద నారు నలిగి పచ్చి వాసన కొట్టింది. క్యాబేజీ మొలకల మీద నా చెవి నెత్తురు, నీ ముక్కు నెత్తురు. నీళ్ళ పీపా దొర్లి బురదైంది. ఆ బురదలోనే నీ గొంతు పట్టుకున్నాను. నువ్వు కళ్ళు తేలేశావు. అయినా వదలాలనిపించలేదు, తెలుసా? చెయ్యి వదలమంటే వదలటం లేదు.

మీ అక్క పార తిరగేసి ఇద్దరి వీపుల మీదా బాదింది. అప్పుడు వదిలాను.

ఆ తర్వాత జరిగింది ఇప్పుడొద్దు. వస్తాను దానికి.

ఇప్పటి సంగతి విను. నిన్న నిన్నిక్కడ పడేసి వెళ్ళాక మీ అక్క నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. గొడ్డలి తీసుకుని, దొడ్డి గోడకి ఆనించిన నా గుడారం కర్రల దగ్గరికెళ్ళింది. మిగిలినవి అవే. నూనె పట్టించి, గుడ్డ చుట్టి దాచుకున్నవి. ముక్కలు ముక్కలుగా నరికింది. నేను అడ్డం నిలబడితే గొడ్డలి ఆపలేదు. నేనే తప్పుకున్నాను. తప్పుకోకపోతే ఇవాళ ఈ పక్క మంచం నాదే అయ్యేది.

వాటితోనే బయట మంటేసి, ఇటుకలు కాల్చి, గోనెపట్టాల్లో చుట్టి లోపల ట్రేల మధ్య పెట్టింది. ఇంట్లో దుప్పట్లన్నీ మొలకల మీద కప్పింది. నా దుప్పటి కూడా. చేతులు బొబ్బలెక్కాయి. అయినా సగం పోయాయి. మిగిలిన సగం మీద కూర్చుని ఉంది, పిల్లల మీద కోడి కూర్చున్నట్టు. ఇవాళ రాత్రి నిన్నటి కంటే చలి ఎక్కువట. రేడియోలో చెప్పారు. కట్టెలైపోయాయి. తెల్లారేసరికి ఆ సగం కూడా పోతే... నేను చెప్పాలా?

నేను ఊరుకున్నాననుకున్నావా? చిరుగు కుట్టాను. దబ్బనం తీసుకుని, మైనం పట్టించిన దారంతో, రెండు షీట్లకీ. గుడారం కుట్టు అది, ఏనుగు లాగినా ఊడదు. పొద్దున ఫ్యాన్ వేశాను. ప్రతి కుట్టు చిల్లులోంచీ ఈల! పిల్లనగ్రోవి అయింది ఇల్లు. షీటు బొటనవేలంత కూడా లేవలేదు.

నీ కొట్టు తాళం పగలగొట్టాను. మూలక్కు, కొత్త తాళం వేయిస్తాలే. నీ పంచరు సొల్యూషను డబ్బాడూ తెచ్చి చిల్లులకి పూశాను. ఆరింది. వేలితో గీకితే పొట్టులా ఊడొచ్చింది. ఆ ప్లాస్టిక్‌కి అది పట్టదట. మరి దేన్తో అతుకుతుంది?

అదీ సంగతి. మీ అక్క నోరు విప్పి ఒకే ఒక్క మాట అంది. "వాణ్ణి అడిగి రండి. అడక్కుండా వస్తే గుమ్మం తొక్కకండి."

కాబట్టి చెప్పు. చిరుగు దేన్తో అతికిస్తారు?

చెప్పరా. చేత్తో చూపించు. చేతులు బాగానే ఉన్నాయిగా?

అటు తిరుగుతావేంటి? గోడలో ఏముంది? ఇటు చూడు. ఇటు తిరుగు అంటున్నాను! నీ అక్క కోసం అడుగుతున్నాను, నా కోసం కాదు. ఒరేయ్! పొద్దు వాలుతోంది. బస్సు దొరకాలి, ఇంటికెళ్ళాలి, పని చెయ్యాలి. ఒకసారి పగిలింది పగిలింది, రెండో పక్క కూడా దవడ ఉంది నీకు, గుర్తు పెట్టుకో. చొక్కా పట్టుకు లేపమంటావా? లే. లేవరా! చూడు నా వైపు!

...ఏం లేదమ్మా, సిస్టర్. దిండు సర్దుతున్నాను. మా బావమరిదేనమ్మా. అవును, నెమ్మదిగానే మాట్లాడుతున్నాను. నా గొంతే అంత. వెళ్ళమ్మా, వెళ్ళు.

అలా ముడుచుకుంటావేంట్రా? నన్ను చూసా? నేనంటే భయమా నీకు? ఇరవై కిలోల టైరు ఎగరేసి భుజాన వేసుకునేవాడివి, నేను చొక్కా పట్టుకుంటే మోచెయ్యి అడ్డం పెట్టుకుంటావా?

తియ్యి. ఆ చెయ్యి తియ్యరా. కొట్టను.

సరే. అది కూడా చెప్తాను. ఇప్పుడొద్దన్నది. విను.

మీ అక్క పార దెబ్బకి విడిపోయాం కదా. నువ్వు లేచావు. నీ ముక్కులోంచి కారుతోంది. నా మీదికి వస్తావనుకున్నారు అందరూ. నేనూ అదే చెప్పాను మీ అక్కకి, వడ్రంగికి, వాడు మీదికొచ్చాడు, కాచుకోడానికి కొట్టాను అని. అబద్ధం. నువ్వు నా వంక చూడనైనా లేదు. వంగి, బోర్లాపడ్డ ట్రే ఎత్తుతున్నావు. మొలకల్ని వేళ్ళతో ఏరుతున్నావు. "అక్కా, ఇవి బతుకుతాయే" అన్నావు.

అప్పుడు కొట్టాను. మేకులున్న బద్ద తిరగేసి. వంగిన మనిషిని, పక్క నించి. చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. కొబ్బరికాయ పగిలినట్టు.

నువ్వన్న మాటకి కోపమొచ్చి కాదురా. ఊడదీసేవి కట్టానన్నావే, దానికి కాదు. నువ్వు సైకిలు దిగక ముందే, మంచు తెల్లగా ఉండగానే నేను లోపలికెళ్ళాను. చూశాను. నేను బద్ద కొట్టిన చోటల్లా రెండు షీట్లూ అంటుకుపోయి, లోపలి పక్క మంచు పేరుకుని ఉంది. కిందకి చూస్తే, సరిగ్గా ఆ బద్ద కిందే, గీత గీసినట్టు నారు నల్లబడింది. బద్ద ఉన్నచోట చావు. అంచుల దగ్గర, నా సుత్తి అందని చోట, ఓ మూల కాస్త వదులు మిగిలింది. అక్కడ షీటు కాస్త ఉబ్బే ఉంది. దాని కింద మొలకలు నిగనిగలాడుతున్నాయి.

నీ మాటే నిజమని నాకు తెలుసు. నువ్వు నిచ్చెన ఎక్కేసరికే తెలుసు. మేకులు పీకుతున్నది నువ్వు, పీకాల్సింది నేను. అందుకు కొట్టాను. తప్పు నీదైతే తిట్టి ఊరుకునేవాణ్ణి కదరా!

చాలా? ఇంకేం కావాలి? కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకోను. మీ అక్క కోసమైనా...

అబ్బా!

గ్లాసు విసిరావా? స్టీలు గ్లాసురా అది! కన్ను పోయేది, వెధవా! చూడు, చూడు నెత్తురు... ఉండండమ్మా, ఏం లేదు సిస్టర్, నేనే తూలి మంచం కోడుకి కొట్టుకున్నాను. కట్టు వద్దు. దూది ఇవ్వండి చాలు. మీరు వెళ్ళండి.

ఊఁ. బాగానే విసిరావు. ఇంకోటి ఉందా? లేదా? ఆ సీసా గాజుది, అది వద్దు.

అయిందా మరి? ఇప్పుడు చెప్పు.

ఏంటది? అరచెయ్యి అలా ముందుకీ వెనక్కీ... తుడవడమా? పామడమా? కాదా? రుద్దడం? దేన్తో? పిడికిలి పట్టి... బరువుగా... ఇస్త్రీయా? ఇస్త్రీ పెట్టే! షీటుకి ఇస్త్రీ చేస్తే కరిగిపోదూ? ఆఁ? మధ్యలో ఏదో పెట్టాలా? పల్చటిది... గుడ్డ? కాదు. ఆ చీటీ ఎందుకు తీశావు, అది మందుల... ఓహో, కాగితం! చిరుగు మీద కొత్త ముక్క పరిచి, పైన కాగితం పెట్టి, కాగితం మీద ఇస్త్రీ పెట్టె. కరిగి రెండూ ఒకటవుతాయి. అంతేనా? కాలకుండా, నెమ్మదిగా. అర్థమైందిరా, మొద్దుని కాను.

కుట్లు? కుట్లు కత్తిరించి పారెయ్యాలా? అంత కుట్టూ? సరే. సరేనన్నాను కదా.

మరి గాలి ఎంత? సందు ఎంత ఉండాలి రెంటికీ? వేళ్ళు చూపించు. నాలుగు? నాలుగు వేళ్ళ మందమా? ఎక్కువరా అది, గాలి వీస్తే ఊగిపోతుంది, మూడు చాలు... అలా చూడకు. నాలుగు. నాలుగేలే.

ఇంకా ఏంటి? పైకి వేలు... లాగడం... ఆ. తెలుసు. చూపించక్కర్లేదు. మేకులు.

పీకుతాను. పొద్దు పోయేలోగా అయితే మొలకలు ఉంటాయి. కాకపోతే మీ అక్క గొడ్డలి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. నువ్వు పీకగా మిగిలిన మేకులన్నీ నేనే పీకుతాను. కుయ్యోమంటూ పీకుతాననుకుంటున్నావేమో, లేదు. తిడుతూ పీకుతాను. ఒక్కో మేకుకీ ఒక్కో తిట్టు. నిన్నే తిడతాను, నీ ట్యూబుల్నీ, నీ గాలినీ. మరింకెవర్ని తిట్టమంటావు?